ఓబులేసు నుంచి అద్విక్ దాకా: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత శిశునామాలలో స్థలం, ప్రత్యయం, ప్రత్యేకత

వ్యాససంగ్రహం:
నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో కొన్ని తరాల పాటు పిల్లల పేర్లు అహోబిలం, మహానంది, మద్దిలేటి క్షేత్రాల నుంచి, పీర్ల చావిళ్ల నుంచి వచ్చాయి. నేటి తల్లిదండ్రులు ఆ పేర్లను వదిలి, ఎవరికీ లేని పేరు కోసం వెదుకుతున్నారు. ఈ మార్పును సంస్కృతీ నష్టంగానో, ఆధునికతగానో మాత్రమే చూస్తే విషయం సగమే తెలుస్తుంది. పాత పేరులో మూలం ఊరందరిది. చివరి ప్రత్యయం, పిలుపు తీరు కులానివి. కొత్త పేరు ప్రత్యయాన్ని వదిలించుకునే ప్రయత్నంలో మూలాన్ని కూడా వదిలేసింది. ఈ రెండు పరిణామాలను విడదీసి, పేర్ల నిర్మాణం ఆధారంగా విమర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వ్యక్తినామాలు, అహోబిలం, తద్భవ నామాలు, హలంత నామాలు, కులప్రత్యయం, రాయలసీమ.

1. ప్రవేశిక

తెలుగులో నామపరిశోధన ప్రధానంగా ఊరి పేర్లమీద, ఇంటిపేర్లమీద సాగింది. కేతు విశ్వనాథరెడ్డి 'కడప ఊర్లు పేర్లు' (1976) రాయలసీమ గ్రామనామాల అధ్యయనానికి ఒక ప్రమాణాన్ని ఏర్పరచింది. వ్యక్తినామాల స్థితి వేరు. ఊరి పేరు శతాబ్దాలు నిలుస్తుంది. వ్యక్తి పేరు ఒక తరంలోనే మారిపోగలదు. ఆ కారణంగానే సమాజంలో వచ్చిన మార్పును అది త్వరగా పట్టి చూపుతుంది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లా ఈ పరిశీలనకు అనువైన క్షేత్రం. నంద్యాల చుట్టూ నవనందులు, ఆళ్లగడ్డ మండలంలో అహోబిలం, బేతంచెర్ల సమీపాన మద్దిలేటి నరసింహస్వామి క్షేత్రం, పల్లెపల్లెనా పీర్ల చావిళ్లు, నంద్యాల కేంద్రంగా ఆంగ్లికన్ మిషన్ వారసత్వం పక్కపక్కనే ఉన్నాయి. తాతల తరంలో ఓబులేసు, మద్దిలేటి, మహానందయ్య, దస్తగిరి, చెంచులక్ష్మి అనే పేర్లు వినిపించే ఇళ్లలోనే నేడు అద్విక్, రిత్విక్, దేవాన్ష్, హన్విక వంటి పేర్లు వినిపిస్తున్నాయి. ఈ రెండు వరుసల మధ్య ఉన్న దూరం అభిరుచికి సంబంధించినదేనా, అంతకంటే లోతైన కారణాలున్నాయా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. స్థలం పెట్టిన పేర్లు

'అహోబలం' అనే రూపం జనవ్యవహారంలో ఔబళం, ఓబళం, ఓబులంగా మారింది. అహోబలేశుడు ఓబళేశుడై, చివరకు ఓబులేసు అయ్యాడు. సంస్కృత శకారం సకారం కావడం, ళకారం లకారం కావడం, పదాదిన ఉన్న 'అహో' ఓకారంగా ముడుచుకుపోవడం తెలుగు నోటికి సహజమైన మార్పులు. ఈ ఒక్క మూలం నుంచి ఓబయ్య, ఓబన్న, ఓబులమ్మ, ఓబుల్‌రెడ్డి, ఓబులపతి వంటి పేర్లు పుట్టాయి. ఈ పేరు పల్లెలకే పరిమితం కాలేదు. ఆంధ్రశబ్దచింతామణికి వ్యాఖ్యానం రచించిన అహోబలపండితుడు, సంగీతపారిజాత కర్త అహోబలుడు కూడా ఇదే మూలాన్ని సంస్కృత రూపంలో ధరించారు. పింగళి సూరన కలాపూర్ణోదయాన్ని అంకితం పొందిన కృష్ణమరాజు వంశనామం నంద్యాల. ఆ వంశంలో ఔభళరాజు అనే పేరు కూడా కనిపిస్తుంది. ఒకే పేరులో ఊరూ దేవుడూ కలిసి ఉండడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

'మద్దిలేటి' అన్న పేరు వ్యాకరణ దృష్టితో మరింత ఆసక్తికరమైనది. 'ఏరు' శబ్దానికి ఔపవిభక్తిక రూపం 'ఏటి'. 'మద్దిలేటి స్వామి' అన్నప్పుడు మద్దిలేటికి చెందిన స్వామి అని అర్థం. అందులోని 'స్వామి' జారిపోగా మిగిలిన షష్ఠ్యర్థక రూపమే మనిషి పేరయింది. వ్యాకరణరీత్యా అది అసంపూర్ణం, మరో పదాన్ని ఆశించే రూపం. తాను ఫలానా ఏటికి చెందినవాడినని ఆ పేరు కలవాడు ప్రతి పరిచయంలోనూ చెప్పుకుంటున్నాడన్నమాట.

అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడాడన్నది ఈ ప్రాంతపు బలమైన విశ్వాసం. చెంచులు ఆయనను తమ అల్లుడిగా భావిస్తారు. సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేటలో స్వామి 40 రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెల్లో తిరుగుతాడు. భక్తులు గుడికి వెళ్లడమే కాక గుడి కూడా పల్లెకు వచ్చే ఈ సంప్రదాయాన్ని గమనిస్తే, ఇక్కడి పేర్లలో నరసింహుడి వ్యాప్తికి కారణం తెలుస్తుంది. చెంచయ్య, చెంచమ్మ, చెంచులక్ష్మి, చెంచురెడ్డి అనే పేర్లు చెంచులు కానివారు పెట్టుకున్నవి. సామాజికంగా అంచున ఉన్న ఒక అటవీ సమాజం పేరును వ్యవసాయ కులాల వారు తమ పిల్లలకు పెట్టుకోవడం సాధారణ విషయం కాదు. దేవుడి పెళ్లి ద్వారా మాత్రమే అది సాధ్యమైంది.

పీర్ల పండుగ తెచ్చిన పేర్లదీ ఇదే తీరు. అబ్దుల్ ఖాదర్ జీలానీకి 'దస్తగీర్' అన్నది బిరుదు. చేయి పట్టి ఆదుకునేవాడని ఆ పారశీక పదానికి అర్థం. తెలుగు చెవికి అది శేషగిరి, యాదగిరి పక్కన చేరే 'దస్తగిరి'గా వినిపించింది. హిందూ కుటుంబాలలో దస్తగిరమ్మ, ఉసేనప్ప, మాబు, ఫకీరయ్య, నాగూరయ్య అనే పేర్లు అలా వచ్చాయి. దూదేకుల కుటుంబాలలో అరబీ మూలానికి అయ్య, అప్ప చేరిన పేర్లు, తెలుగు మూలానికి సాహెబ్ చేరిన పేర్లు కనిపిస్తాయి. అనంతపురం ప్రాంతంలోని గూగూడు కుళ్లాయిస్వామి ఆరాధనపై అఫ్సర్ మహమ్మద్ 2013లో వెలువరించిన గ్రంథం ఈ ఉమ్మడి భక్తి స్వభావాన్ని వివరించింది. కుళ్లాయప్ప అన్న పేరు ఆ భక్తికి గుర్తు. వ్యక్తినామం మతాన్ని చెప్పకుండా ఉండగలగడం ఈ పాత వ్యవస్థ సాధించిన గొప్ప విషయాలలో ఒకటి.

3. మూలం అందరిది, ప్రత్యయం కులానిది

పై వివరణతో ఆగితే పాత పేర్ల వ్యవస్థ సమానత్వానికి ప్రతీకగా కనిపిస్తుంది. నిజం అంత సరళం కాదు.

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది, ఆయన పక్షాన పోరాడిన వడ్డె ఓబన్నది మూలంలో ఒకే దేవుడి పేరు. నాయకుడి పేరు తత్సమం, అనుచరుడి పేరు తద్భవం. నాయకుడి పేరు చివర కులవాచకం గౌరవంగా నిలిచింది. అనుచరుడికి కులవాచకం పేరుకు ముందు, గుర్తింపు కోసం చేరింది. తద్భవ రూపం నిమ్నవర్గాలదని ఇంతమాత్రాన సూత్రీకరించలేం. ఔభళరాజు, ఓబుల్‌రెడ్డి అనే పేర్లు అందుకు అడ్డు. తేడా మూలంలో లేదు, చివర చేరినదానిలో ఉంది. రాజు, రెడ్డి, శెట్టి, అయ్య, అన్న, అప్ప అనే వరుస ఒక సామాజిక నిచ్చెన. ఆ నిచ్చెన అడుగున లిఖితరూపం పొందని మరో ప్రత్యయం ఉంది: 'గాడు'. ఓబులేసు రచ్చబండ దగ్గర ఓబిగాడయ్యేవాడు, ఓబులమ్మ ఓబిగా మిగిలేది.

'నరసింహులు', 'రాములు' అనే పేర్లలో ఈ వైరుధ్యం మరింత స్పష్టం. వాటి చివరి 'లు' గౌరవార్థక బహువచనం. ఈ పేర్లు శ్రామిక కులాలలో విరివిగా ఉన్నాయి. బహువచనం పేరులోనే ఉన్నా పిలుపు మాత్రం ఏకవచనంలోనే సాగింది. నామకరణ సమయంలో దేవుడికిచ్చిన గౌరవం ఆ పేరు మోసిన మనిషికి దక్కలేదు.

ధర్మశాస్త్రాలు ఈ భేదాన్ని దాచలేదు. మనుస్మృతి రెండో అధ్యాయం బ్రాహ్మణుడి పేరు మంగళాన్ని, క్షత్రియుడి పేరు బలాన్ని, వైశ్యుడి పేరు ధనాన్ని సూచించాలని, శూద్రుడి పేరు మాత్రం జుగుప్స కలిగించేదిగా ఉండాలని విధించింది. పల్లెలు ఆ విధిని చదివి పాటించాయని చెప్పలేం. అయితే మంచి పేరును కూడా పిలుపులో తక్కువ చేయగలిగిన సమాజానికి చెడ్డ పేరు పెట్టించవలసిన అవసరమే లేకపోయింది.

4. ప్రత్యేకత అన్న భావన

'అందరికీ ఉన్న పేరు వద్దు' అన్నది నేటి తల్లిదండ్రుల మొదటి కోరిక. పాత నామకరణ సంప్రదాయంలో ఈ కోరికకు చోటు తక్కువ. ఆపస్తంబ గృహ్యసూత్రం మగశిశువు పేరులో సరిసంఖ్యలోను, ఆడశిశువు పేరులో బేసిసంఖ్యలోను అక్షరాలుండాలన్నది. పతంజలి మహాభాష్యం ఉదహరించిన యాజ్ఞికుల నియమం ప్రకారం పేరు ఘోషాక్షరంతో మొదలై, మధ్యలో అంతస్థం కలిగి, మూడు తరాల పూర్వులను అనుసరించి ఉండాలి. శాస్త్రం పేరులో నాదాన్ని, వారసత్వాన్ని కోరింది. కొత్తదనాన్ని కోరలేదు.

తెలుగు ఇళ్లలో పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం ఈ భావానికి ఆచరణ రూపం. అందువల్ల ఒక చిక్కు కూడా వచ్చింది. కోడలు మామగారి పేరు పలకరాదు, కన్నబిడ్డను పిలవకుండా ఉండలేదు. పెట్టిన పేరు, పిలుపు పేరు అని రెండు ఏర్పడడానికి ఇదొక కారణం. అబ్బోడు, బుజ్జి, చిన్నా అనే ముద్దుపేర్లు ఆ ఇబ్బందిని తీర్చాయి.

రాయలసీమలో ఒకే ఇంటి అన్నదమ్ములకు ఒకే దేవుడి పేరు పెట్టడం కూడా ఉంది: పెద్ద మద్దిలేటి, నడిపి మద్దిలేటి, చిన్న మద్దిలేటి. మొక్కు తీరేది దేవుడి పేరుతో. మనిషిని వేరుచేసేది వరుస. ఒక వ్యక్తి ప్రత్యేకత అతని పేరులో గాక, ఇతరులతో అతనికున్న సంబంధంలో ఉంటుందన్నది ఈ పద్ధతి వెనుకనున్న అవగాహన. నేటి పద్ధతిలో సంబంధం చెప్పవలసిన పనిని కూడా పేరే మోయవలసి వస్తోంది.

పుల్లయ్య, పెంటయ్య అనే పేర్లను ఇక్కడ ప్రస్తావించాలి. పుట్టిన బిడ్డలు వరసగా చనిపోయినప్పుడు, తరువాతి బిడ్డను ఎంగిలి విస్తరాకులలోనో, పెంటకుప్పమీదనో దొర్లించి ఆ పేరు పెట్టేవారు. మృత్యువు కన్ను పడకుండా పేరును వికృతం చేయడం దాని లక్ష్యం. ఇవి చదువురాని వారి మోటుపేర్లని నవ్వడం పొరపాటు. శిశుమరణాలు సాధారణమైన కాలంలో తల్లి పడిన భయం ఆ పేర్లలో నమోదై ఉంది. టీకాలు, ఆసుపత్రి ప్రసవాలు పెరిగి ఆ భయం తగ్గింది కనుక ఆ పేర్లు కూడా తగ్గాయి. ఈ నష్టానికి ఎవరూ చింతించనక్కర లేదు.

5. కొత్త పేర్ల నిర్మాణం

తెలుగు అజంత భాష. పురుషనామం డుకారంతోనో, అయ్య, అన్న, అప్పలతోనో, ఉకారంతోనో ముగియడం సహజం. బాలవ్యాకరణం మహద్వాచకాలకు చెప్పిన డుకార విధి ఈ స్వభావానికి సూత్రరూపం. నేటి మగపిల్లల పేర్లలో ప్రధాన లక్షణం హలంతత: అద్విక్, రిత్విక్, ప్రణీత్, ఆర్యన్, దేవాన్ష్. ఆడపిల్లల పేర్లు అజంతాలుగానే ఉన్నా, 'అమ్మ' పూర్తిగా తొలగి, 'ఇక', 'ఇత', 'వి' అనే ముగింపులు స్థిరపడ్డాయి. సుఖంగా పలకదగి, స్పష్టమైన అర్థంతో, దీర్ఘాంతంగా స్త్రీనామం ఉండాలన్న మనువు నియమంలో అర్థస్పష్టత ఒక్కటే ఇక్కడ సడలింది.

ఈ పేర్లు వచ్చే దారులు మూడు. మొదటిది నక్షత్రపాదాక్షరం. అవకహడచక్రం ప్రకారం హస్తా నక్షత్రానికి పూ, ష, ణ, ఠ అక్షరాలు వస్తాయి. ణ, ఠ వంటి అక్షరాలతో మొదలయ్యే అచ్చతెలుగు పేర్లు లేవు. జన్మాక్షరాన్ని రహస్యనామానికి పరిమితం చేసి, వ్యవహారనామాన్ని వేరుగా పెట్టుకున్నంతకాలం ఈ చిక్కు రాలేదు. రెండు పేర్లను ఒకటి చేయాలన్న పట్టుదలతో చక్రమే పేరును నిర్ణయించే స్థితి వచ్చింది.

రెండో దారి ఆంగ్ల లిపి. సంఖ్యాశాస్త్రం పేరిట అక్షరాలను కూడేది ఆంగ్ల వర్ణక్రమంలోనే. 'దేవాంశ' అన్న సంస్కృత సమాసం తెలుగులో 'దేవాంశుడు' కావచ్చు, 'దేవాంశ్' కావచ్చు. 'దేవాన్ష్' అన్న రాతలో అనుస్వారం నకారపొల్లుగా, శకారం షకారంగా మారడానికి సంస్కృతంలో గాని, తెలుగులో గాని కారణం లేదు. ఆ పేరు ఆంగ్ల లిపిలో రాసుకుని, దాన్ని చూసి తెలుగులోకి ఎత్తి రాసినందువల్ల వచ్చిన రూపమది. అహోబలం ఓబులం కావడం నోటి వల్ల జరిగిన మార్పు, దేవాంశ దేవాన్ష్ కావడం లిపి వల్ల జరిగిన మార్పు. రెండూ వికారాలే. మొదటిదాన్ని మోటుగా, రెండోదాన్ని నాజూకుగా భావించడంలో ఉన్నది భాషాశాస్త్రం కాదు, హోదా.

మూడో దారి పేర్ల జాబితాలు. అర్థాలతో సహా అక్షరక్రమంలో దొరికే ఈ జాబితాలు దేశమంతటికీ ఒకటే. 'అద్విక్' ఇందుకు మంచి ఉదాహరణ. 'ద్వి' శబ్దానికి నఞ్‌నూ కప్రత్యయాన్నీ చేర్చి, సాటిలేనివాడన్న అర్థంలో దాన్ని ఎలాగో సమర్థించవచ్చు. అయితే ప్రాచీన వాఙ్మయంలో పురుషనామంగా దానికి ప్రసిద్ధి లేదు. సాటిలేనివాడని అర్థం చెప్పే ఆ పేరు నంద్యాలలోనూ, హైదరాబాదులోనూ, పుణెలోనూ ఒకే కాలంలో వినిపించడం ప్రత్యేకతా భావనలోని వైరుధ్యాన్ని బయటపెడుతుంది. ఓబులేసు అన్న పేరు ఊళ్లో పదిమందికి ఉండేది, కానీ ఆ పేరు వినగానే మనిషి ప్రాంతం తెలిసేది. అద్విక్ ఊళ్లో ఒక్కడే కావచ్చు, ఏ ఊరివాడో మాత్రం పేరు చెప్పదు. ఒకటి మనిషిని గుంపులో కలిపి ప్రాంతాన్ని వేరుచేసింది. రెండోది మనిషిని వేరుచేయబోయి ప్రాంతాన్ని గుంపులో కలిపింది.

6. హలంతం మూసిన తలుపు

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి కొత్త పేర్లను అనుకరణగా కొట్టిపారేయడం సులభం. ఆ తీర్పు అన్యాయమవుతుంది. పాత పేరు అచ్చుతో ముగిసినందువల్ల దాని చివర ఏ ప్రత్యయమైనా ఇట్టే చేరేది. ఓబులేసు ఓబయ్య కాగలడు, ఓబన్న కాగలడు, ఓబిగాడూ కాగలడు. ఎవరు ఏ ప్రత్యయం చేర్చాలన్నది ఊరి అధికారం నిర్ణయించేది. 'రిత్విక్' అలా లొంగదు. దానికి అయ్యా, అప్పా అతకవు. 'గాడు' చేర్చినా విడిపదంగా నిలిచి, అన్నవాడి ఉద్దేశాన్ని బయటపెడుతుంది. తండ్రిని ఓబిగా పిలిపించుకున్న ఇంట్లో కొడుక్కి ఊరివారి నాలుక వంచలేని పేరు పెట్టాలన్న కోరిక అనుకరణ కాదు, ఆత్మగౌరవం. హలంతం ఇక్కడ కులప్రత్యయానికి మూసిన తలుపు. సంస్కృత వర్ణాలు గల పేరు ఒకప్పుడు ఎవరికి నిషిద్ధమో వారే నేడు దాన్ని తమ పిల్లలకు పెట్టుకోవడంలో మనువు విధికి ఎదురుతిరిగిన చరిత్ర కూడా ఉంది.

అయితే ఈ తలుపు అందరికీ ఒకేలా మూసుకోలేదు. అయ్య, అన్న, గాడు పోయాయి. రెడ్డి, చౌదరి వంటి వాచకాలు కొత్త పేర్ల పక్కన విడిపదాలుగా మళ్లీ నిలబడ్డాయి. పేరు ఎంత నవీనమైనా తోక పాతదే. కింది కులాలను గుర్తించే ప్రత్యయాలు మాసిపోగా, పై కులాలను గుర్తించే వాచకాలు మరింత స్పష్టమయ్యాయి. ఒకే తరగతి గదిలో తోక ఉన్న రిత్విక్, తోక లేని రిత్విక్ ఉన్నప్పుడు, ఆ లేమి కూడా ఒక గుర్తుగా పనిచేస్తుంది. కొత్త పేరు ఇచ్చిన విముక్తికి ఇది పరిమితి.

మతం విషయంలో కూడా లాభనష్టాలు కలిసే ఉన్నాయి. హిందూ కుటుంబాలు దస్తగిరిని వదిలి సంస్కృతంలోకి, ముస్లిం కుటుంబాలు మాబు, మౌలాలిలను వదిలి శుద్ధ అరబీ రూపాలలోకి వెళ్తున్నాయి. ఎవరి పేరు వారిని స్పష్టంగా చెబుతుంది. ఇద్దరికీ చెందిన పేరు మాత్రం ఇద్దరికీ కాకుండా పోతోంది. కులగౌరవం కోసం జరిగిన మార్పుకు ఉన్న నైతిక సమర్థన ఈ మార్పుకు లేదు.

7. నమోదు పత్రంలో పేరు

పేరు స్థిరపడే చోటు కూడా మారింది. బడిలో చేర్చేటప్పుడు పంతులు పేరును దిద్ది రాయడం ఒకప్పుడు మామూలు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 14వ విభాగం పేరు లేకుండానే జననాన్ని నమోదు చేసి, పేరును తరువాత చేర్చే వీలు కల్పించింది. 2023 సవరణ చట్టం ఆ ఏడాది అక్టోబరు 1న అమలులోకి వచ్చాక, ఆ తేదీ నుంచి పుట్టినవారికి బడి ప్రవేశం మొదలు అనేక అవసరాలకు జనన ధ్రువపత్రమే ఆధారమైంది. పిలుపు పేరు, బడి పేరు, తాత పేరు అనే మూడింటికీ తావున్న పాత వెసులుబాటు తగ్గి, ఒక పేరు ఒక వర్ణక్రమంలో జీవితాంతం నిలవవలసి వచ్చింది. పేరు ఎంపికలో ఆందోళన పెరగడానికి ఇదీ కారణం.

దళిత క్రైస్తవ కుటుంబాలలో ఈ పత్రం మరింత బరువైనది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అందులో చేరని ఆంగ్లికన్ సంఘంగా నంద్యాలకు చర్చి చరిత్రలో ప్రత్యేక స్థానముంది. దేవదానం, ఆశీర్వాదం, యేసురత్నం వంటి జ్ఞానస్నాన నామాలు వికృతం చేసే పిలుపుకు తొలి ప్రత్యామ్నాయాలు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు క్రైస్తవులను ఆ జాబితాలో చేర్చలేదు. అందువల్ల చర్చిలో ఒక పేరు, బడిలో మరో పేరు అవసరమయ్యాయి. రెండు మతాలకూ చెల్లే కొత్తరకం సంస్కృత నామం అటువంటి ఇంటికి అలంకారం కాదు, రక్షణ.

8. ముగింపు

పాత పేరును తిరిగి పెట్టమని ఎవరికీ చెప్పే హక్కు విమర్శకు లేదు. ఓబులేసు అన్న పేరుతో అవమానం పడనివాడు ఆ పేరు అందాన్ని కీర్తించడం తేలిక. అయితే ప్రత్యయం పోవడం, మూలం పోవడం రెండూ ఒకటే అన్న భావన తప్పనిసరి కాదు. అహోబిలంలోని నవనరసింహులలో భార్గవుడు, పావనుడు, మాలోలుడు ఉన్నారు. భార్గవ్, పావని అనే పేర్లు ఇప్పటికే విస్తారంగా ఉన్నా, వాటికి ఆళ్లగడ్డ దారిలోని కొండతో ఉన్న సంబంధాన్ని చెప్పేవారు తక్కువ. మాలోల అన్న పేరులో కొత్తదనమూ, నాదమూ, స్పష్టమైన అర్థమూ ఉన్నాయి. ప్రత్యేకత కోసం దూరం వెళ్లనక్కర లేదనడానికి ఇదొక నిదర్శనం.

పరిశోధకులు చేయవలసిన పని వేరే ఉంది. పాఠశాలల ప్రవేశ పుస్తకాలు, చర్చి జ్ఞానస్నాన రిజిస్టర్లు, ఓటర్ల జాబితాలు మూడు తరాల పేర్లను పక్కపక్కనే చూపగల ఆధారాలు. వాటిని సేకరించేటప్పుడు పేరు ఒక్కటే రాసుకుంటే చాలదు. ఆ పేరు గల మనిషిని ఊళ్లో ఎవరు ఏమని పిలిచారో కూడా అడిగి రాసుకోవాలి. పెట్టిన పేరు పత్రంలో దొరుకుతుంది. పిలిచిన పేరు ఆ తరంతోనే పోతుంది.